ఎనిమిది చక్రాల బండికి కుంకుమ బొట్టు

చీకట్లో పనిచేసి జీతం తీసుకున్నవాణ్ణి నేను. కంగారుపడకండి, దొంగతనం కాదు, డార్క్ రూం. స్టీలు ప్లాంటు ఫొటో సెక్షన్లో చేరిన నాటికి నాకు మీసం కూడా సరిగ్గా రాలేదు. ఆ మధ్యనే శాలువా, గోడ గడియారం పుచ్చుకుని ఇంటికి వచ్చేశాను. ఇప్పుడు మీలాంటి కుర్రాళ్లు కనపడితే ఏదో ఒకటి చెప్పకుండా ఉండలేని జబ్బు పట్టుకుంది. మీరు ఫోను తీసి టక్కున నొక్కుతారు, బాగా రాకపోతే చెరిపేసి మళ్లీ నొక్కుతారు. మాకు చెరిపే సౌకర్యం లేదు. తప్పు చేస్తే అది కాగితం మీద ఉండిపోయేది. నేను చేసిన ఒక తప్పయితే ఏకంగా గోడకెక్కి, అద్దం వెనకాల కూర్చుని, నా సర్వీసు పొడుగునా నన్ను చూస్తూనే ఉంది. ఆ సంగతే చెబుతాను. పేర్లు మాత్రం అడగొద్దు. అందరూ ఇంకా బాగానే ఉన్నారు, ఉన్నవాళ్లకి కోపాలొస్తాయి.

మా నాన్న పొలం ప్లాంటులోకి పోయింది. దానికి బదులు ఇంట్లో ఒకరికి ఉద్యోగం అంటే నన్ను పంపారు. బక్కగా ఉన్నానని ఫర్నేసు వైపు కాకుండా ఫొటో సెక్షన్లో వేశారు. అక్కడ మా పెద్ద ఫొటోగ్రాఫరు గోదావరి జిల్లా మనిషి. చీకటిగదిలో కూడా ఇస్త్రీ చొక్కా నలగనిచ్చేవారు కాదు. నేను ఆయన్ని గురువుగారు అనేవాణ్ణి. ఆయన నాకు నేర్పిన పని ఎంతైనా ఉంది గానీ, సూత్రాలు రెండే. ఒకటి, ఏ పాత ఫొటో మీదైనా చెయ్యి వేసే ముందు దానికి కాపీ తీసుకో. రెండు, ఆరకుండా ముట్టుకోకు.

ఈ రెండోది ఆయనకి సూత్రం కాదు, ఊతపదం. ప్రింటు తీసుకెళ్తే "ఆరిందా?" గొడుగు మడిస్తే "ఆరిందా?" నా పెళ్లి శుభలేఖ ఇచ్చినప్పుడు కూడా పసుపు రాసిన మూల గోటితో తాకి "ఆరిందా?" అని అడిగి గానీ చదవలేదు.

ఎందుకంత చాదస్తమో మీకు చెప్పాలి. ఆ రోజుల్లో ఫొటో కాగితం మీద సన్నటి జిగురు పొర ఉండేది. బొమ్మంతా ఆ పొరలోనే ఉంటుంది. తడిస్తే ఉబ్బి మెత్తబడుతుంది, వేడినీళ్లు తగిలితే మీగడలా జారిపోతుంది. విశాఖపట్నంలో ఎండాకాలం కుళాయి నీళ్ల సంగతి మీకు తెలుసు కదా. అందుకని మేం మల్కాపురం నుంచి చేపల ఐసు తెప్పించి, ట్రేల కింద పెట్టుకుని పనిచేసేవాళ్లం. ప్లాంటు తొలినాళ్ల ఫొటోలన్నిటికీ కొంచెం చేపల వాసన ఉండాలి, న్యాయంగా అయితే.

ప్లాంటు కడుతున్నప్పుడు రష్యా నుంచి నిపుణులు వచ్చేవారు. వాళ్లలో ఒక వెల్డింగ్ ఇంజనీరు ఉండేవాడు. పొడుగ్గా, ఎండకి ఎర్రగా కందిపోయి, ఎప్పుడూ నుదుటిమీద పడే జుట్టు ఎగదోసుకుంటూ ఉండేవాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం, తెలుగులో ఒకే ఒక్క మాట, "బాగుంది". వెల్డింగు బాగున్నా అదే, క్యాంటీన్ పులిహోర బాగున్నా అదే, బాగులేకపోతే ఏమీ అనడు. ఒకరోజు ఆయన మా సెక్షనుకి ఒక అట్ట కవరు పట్టుకొచ్చాడు. అందులో పన్నెండు నలుపూ తెలుపూ ఫొటోలు. చంద్రుడి మీదికి మొట్టమొదట పంపిన యంత్రాలవి. గుండ్రంగా బంతిలా ఉన్నది ఒకటి, రేకులు విప్పుకుని నేలమీద కూర్చున్నది ఒకటి, చంద్రుడి వెనకవైపు మొదటిసారిగా తీసిన మసక ఫొటో ఒకటి.

ఆ మసక ఫొటో తీసిన యంత్రం కడుపులోనే చిన్న డార్క్ రూం ఉందనీ, అది అంతరిక్షంలో తిరుగుతూనే ఫిల్ము కడిగి, ఆరబెట్టి, అప్పుడు ఆ బొమ్మని రేడియోలో కిందికి పంపిందనీ ఆ ఇంజనీరు చేతులు తిప్పుతూ చెప్పాడు. గురువుగారికి అర్థమవడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మాత్రం ఆయన మొహం వెలిగిపోయింది.

"చూసేవటయ్యా? చంద్రుడి దగ్గర కూడా మన డిపార్టుమెంటే!" అన్నారు. వారం రోజులు సెక్షన్లోకి వచ్చిన ప్రతివాడికీ అదే చెప్పారు.

పన్నెండో ఫొటో వేరు. మిగతావి పుస్తకాల్లో వచ్చేలాంటివి. ఇది ఒక షెడ్డులో తీసింది. మధ్యలో ఎనిమిది చక్రాల బండి, మూత తెరిచిన పెద్ద డేగిసాకి చక్రాలు పెట్టినట్టు ఉంది. దాని వెనకాల తెల్లకోట్లు వేసుకుని ఎనిమిది మంది కుర్రాళ్లు. ఎడమవైపు నుంచి రెండోవాడికి జుట్టు నుదుటిమీద పడి ఉంది. మన ఇంజనీరే. అప్పుడతను వెల్డరు.

"ఇది చంద్రుడి మీదికి వెళ్లిందా?" అని అడిగాను.

వెళ్లలేదన్నాడు. ఇది జోడు బండి. దీన్ని నేలమీద కొట్టి, వంచి, కాల్చి, విరగ్గొట్టి చూశారు. ఇది ఇక్కడ విరిగింది కాబట్టే అది అక్కడ విరగలేదు. ఇంతా చెప్పి, ఈ పన్నెండూ మా ట్రైనింగ్ హాల్లో పెట్టమన్నాడు. వెల్డింగు నేర్చుకునే కుర్రాళ్లు రోజూ చూడాలట, చంద్రుడి మీదికి పోయినవాటిని చేసింది కూడా వెల్డర్లేనని.

దసరాకి ఆయుధ పూజ రోజున హాలు ప్రారంభం. పెద్ద ఆఫీసర్లు వస్తున్నారు. ఫ్రేములు కట్టే పని నాది, ఆ హడావిడిలో కాపీలు తియ్యడం కుదరలేదు. ఫొటోకీ అద్దానికీ మధ్య అట్ట చట్రం పెట్టాలి, ఫొటో అద్దానికి తగలకూడదు. పదకొండు అలాగే కట్టి గోడకి తగిలించాను. పన్నెండోదానికి అట్ట కొయ్యాలి. ఫొటోని హాల్లో బల్ల చివర పెట్టి, అట్ట కోసం సెక్షనుకి పరిగెత్తాను.

ఆ బల్ల మీదే తప్పు చేశాను. ఆయుధ పూజ నాడు పనిముట్లన్నీ ఒకచోట పరిచి పెడతాం కదా. వెల్డింగు టార్చీలు, సుత్తులు, మాస్కులు, మా సెక్షన్ లెన్సులు అన్నీ ఆ బల్ల మీదే వరసగా ఉన్నాయి. వాటికి బొట్లు పెడుతున్నది వెల్డింగు ఇన్‌స్ట్రక్టరు, గాజువాక మనిషి. నేనతన్ని బావా అంటాను, అతను నన్ను బావా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు. మా వైపు ఇద్దరు మగవాళ్లు కలిసి రెండుసార్లు టీ తాగితే బావలైపోతారు, అంతే. నేను అట్ట పట్టుకుని తిరిగి వచ్చేసరికి అతను వరస ముగించి వేళ్లు తుడుచుకుంటున్నాడు. ఎనిమిది చక్రాల బండి నడినెత్తిన, ఫొటో కాగితం మీదే, చక్కగా గంధం, దానిమీద కుంకుమ.

"ఏటి సేసీసినావు బావా!" అని అరిచాను.

"ఏటైంది? అన్నిటికీ ఎట్టినాను, దీనికీ ఎట్టినాను. యంత్రం గదేటి? పండగపూట దీన్నొక్కదాన్నీ బొట్టు లేకండా ఒగ్గెత్తామా?" అన్నాడు.

అతను చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. అలా వదిలేసి, ఎండాక మెత్తని బ్రష్షుతో దులిపితే సగం పైగా పోయేది. నేనేం చేశానంటే, అతను కొబ్బరికాయలు తేవడానికి వెళ్లగానే రుమాలు తడిపి తుడిచాను. గంధం పోయింది. కుంకుమ పోలేదు, లోపలికి దిగింది. ఇంకోసారి తుడిచాను. జిగురు పొర ఉబ్బి రుమాలికి పట్టుకోబోయింది. ఆపేశాను. బయట జీపులు ఆగుతున్నాయి. అట్టని మధ్యలో కిటికీలా కొయ్యడానికి టైము లేదు. తడి ఫొటోని తిన్నగా అద్దానికి ఆనించి, వెనక చెక్క పెట్టి మేకులు బిగించేశాను.

తల ఎత్తితే గుమ్మంలో గురువుగారు.

"ఆరిందా?"

"ఆరిందండి" అన్నాను.

అదీ నేను చేసింది. తప్పు చెయ్యడానికి అయిదు నిమిషాలు పట్టింది, అబద్ధానికి ఒక్క మాట సరిపోయింది. ఫొటో గోడకెక్కింది. కొబ్బరికాయలు కొట్టారు. బావ ఆ రష్యా ఇంజనీరుకి కూడా నుదుటిమీద బొట్టు పెట్టాడు, ఆయన మురిసిపోయి వంగి మరీ పెట్టించుకున్నాడు. తరవాత పన్నెండో ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. నేను తడి రుమాలు జేబులోకి కుక్కుకున్నాను. ఆయన నావైపు తిరిగి "బాగుంది" అని వెళ్లిపోయాడు. బతికిపోయాననుకున్నాను. ఫొటో ఎత్తుగా కట్టాం, ఎర్ర మచ్చ చిన్నది, కనపడి ఉండదు.

మొదటి వానాకాలం దాటేసరికి నాకు తెలిసిపోయింది. ఫొటో అద్దానికి అంటుకుపోయింది. అంటుకున్నచోట తడిసినట్టు నల్లగా మెరుస్తోంది, అంటుకోనిచోట పాలిపోయి ఉంది. అప్పుడైనా దింపి ఉండొచ్చు. రేపు అనుకున్నాను. ఆ రేపు ఎన్నేళ్లు సాగిందో చెబితే మీరు నవ్వుతారు. రష్యావాళ్లు వెళ్లిపోయారు. గురువుగారు రిటైరై గాజువాకలో ఇల్లు కట్టుకున్నారు. డార్క్ రూం తీసేసి పాత ఫైళ్లు పడేశారు, నాకు డిజిటల్ కెమెరా ఇచ్చారు. నేను వారం వారం గురువుగారింటికి వెళ్లి టీ తాగేవాణ్ణి. ఆయన ప్రతిసారీ గోడవారగా ఆరేసిన తువ్వాలు తాకి "ఆరిందా?" అనేవారు. నేను ప్రతిసారీ గ్లాసు కింద పెట్టి వేరే మాట ఎత్తేవాణ్ణి.

మనవాళ్ల బండి చంద్రుడి మీద దిగిన ఏడాదే నా రిటైర్మెంటు. దసరా ముందు ఒకరోజు ట్రైనింగ్ హాలు చూసుకునే మేడం నన్ను పిలిచారు. చిన్న వయసు, ఓపికైన మనిషి. హాలు మరమ్మతు చేయించి ఆయుధ పూజకి మళ్లీ తెరవాలని పట్టుదలగా ఉన్నారు.

"సార్, రష్యా నుంచి మెయిల్ వచ్చింది" అని చదివి వినిపించారు.

రాసింది ఆ ఇంజనీరు కూతురు. మనవాళ్లు చంద్రుడి మీద దిగడం ఆయన టీవీలో చూశాడట. అప్పటినుంచీ ఒకటే మాట, నా ఫొటో అక్కడ వెల్డింగు హాల్లో ఉంది, నాకది చూపించండి అని. ఆ ఫొటోలో ఉన్న ఎనిమిది మందిలో ఇప్పుడు మిగిలింది ఆయనొక్కడే. వాళ్ల మొహాలున్న ఫొటో ఇంకెక్కడా లేదు, ఆయనకున్న ఒక్క ప్రతి మనకిచ్చేశాడు. ఆయనకి చూపు తగ్గిపోతోంది. చలికాలం దాటాక ఎంత కనపడుతుందో చెప్పలేమన్నారట డాక్టర్లు. దయచేసి త్వరగా ఒక కాపీ పంపగలరా అని రాసింది.

"ఫోనుతో తీసి పంపేద్దాం సార్, రెండు నిమిషాల పని" అన్నారు మేడం.

నిచ్చెనెక్కి దింపాను. దగ్గర్నుంచి చూశాను. బూజు అద్దం లోపల తెల్లగా తీగలు పాకింది. బండి కనపడుతోంది. ఆరుగురి మొహాలు ఎలాగో పోల్చుకోవచ్చు. ఎడమనుంచి మొదటి ఇద్దరూ తెల్లటి బూజు కింద ఉన్నారు. రెండోవాడికి జుట్టు కూడా కనపడటం లేదు.

"అయ్యో! సముద్రపు గాలి సార్, ఏం చేస్తాం" అన్నారు మేడం.

గుమ్మడికాయల దొంగ సంగతి మీకు తెలుసు కదా. నా చెయ్యి నిజంగానే భుజం మీదికి వెళ్లింది. "అవునండి, తేమ" అన్నాను. రెండో అబద్ధం.

కానీ ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోలేకపోయాను. ఆ ముసలాయన అక్కడ కళ్లు చికిలించుకుని కూర్చుని ఉంటాడు. నేనిక్కడ రెండు నెలల్లో శాలువా కప్పించుకుంటాను. నాకే సిగ్గేసింది. నేరుగా గురువుగారింటికి వెళ్లి, అరుగు మీద కూర్చుని, రుమాలు దగ్గర్నుంచి మొత్తం చెప్పేశాను.

ఆయనకి ఎనభై దాటినా ఇస్త్రీ చొక్కాయే. వేళ్లు మాత్రం వణుకుతున్నాయి.

"ఆరిందన్నావు గదయ్యా" అన్నారు.

"అన్నానండి."

"ఇన్నేళ్లు నా ఇంట్లో టీ తాగేవు."

"తాగేనండి."

"ఆ యంత్రం అంతరిక్షంలో తిరుగుతూ కూడా ఫిల్ము ఆరబెట్టుకుంది. నీకు నేలమీద నిలబడి ఆరబెట్టడానికి టైము లేకపోయిందా?"

లోపలికి వెళ్లి తలుపు వేసుకుంటారేమో అనుకున్నాను. ఆయన లేచి, మంచినీళ్లు తాగి, వచ్చి కూర్చున్నారు.

"అద్దానికి పట్టింది నీళ్లతోనే గదా. నీళ్లే వదిలించాలి. చల్లగా ఉండాలి, మంచుముద్దలా ఉండాలి. పొద్దున్నే ఐసు తెప్పించు. నా చేతులు వణుకుతున్నాయి, నువ్వే చెయ్యాలి. నేను పక్కన కూర్చుని తిడతాను" అన్నారు.

మర్నాడు పొద్దున్న మేడం దగ్గర కూడా నిజం ఒప్పుకున్నాను. ఆవిడ నన్నూ, ఫొటోనీ మార్చి మార్చి చూసి, "పోతే మొత్తం పోతుందా సార్?" అని అడిగారు. పోవచ్చన్నాను. అయినా ఆవిడ ఇద్దరు రిటైరైనవాళ్లకి గేటు పాసులు రాసిచ్చారు. రెండో పాసు బావకి. అతను రిటైరై రెండేళ్లయింది గానీ ఐసు తేవాలంటే నాకు ఇంకెవరూ తట్టలేదు. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు అతని థర్మాకోల్ పెట్టె మూత తీసి, ముక్కు మూసుకుని, లోపల చేపల్లేవని రెండుసార్లు చూసి గానీ పంపలేదట.

ట్రేలు ఎప్పుడో పోయాయి. క్యాంటీన్ నుంచి పులిహోర కలిపే పెద్ద స్టీలు పళ్లెం తెచ్చాం. ముందు మొదటి సూత్రం. అద్దం పైనుంచి రకరకాల వెలుతుర్లో కాపీలు తీశాను. వెనక చెక్క ఊడదీస్తే కాగితం వీపు మీద నీలం సిరాతో వరసగా ఎనిమిది పేర్లు, ఆయన చేతిరాతలో. దాన్నీ తీశాను. తరవాత మంచినీళ్లు పోసి, ఐసుని పాలిథిన్ సంచుల్లో కట్టి చుట్టూ పెట్టి, ఫొటోని అద్దంతో సహా ముంచాను. కాసేపటికి సిరా పొగలా లేచి నీళ్లలో కలిసిపోయింది. కాపీ తీసి ఉండకపోతే ఆ పేర్లు అక్కడితో సరి.

ఇక చెయ్యవలసిన పని ఏమీ లేదు, కూర్చోవడమే. అదే కష్టం. గంట గడిచింది, నీళ్లు మార్చాం. రెండో గంట గడిచింది, ఐసు మార్చాం.

"ఓ మూల లాగీనా బావా?" అన్నాడు బావ.

"లాగితే చెయ్యి విరుస్తాను. నీళ్లు లాగుతున్నాయి గదా, నీకేం తొందర?" అన్నారు గురువుగారు.

ఊరికే కూర్చుంటే నోరు ఊరుకోదు. అసలు ఇదెందుకు అంటుకుందని బావ అడిగాడు. చెప్పాను. అతని మొహం చూడాలి.

"ఏటీ! నాను ఎట్టిన బొట్టువల్లేనా? ఇన్నాళ్లూ నాకొక్క ముక్క సెప్పలేదేటి బావా?"

"నువ్వు బాదపడతావని."

"ఎందుకు బాదపడతాను? నాను ఎట్టినాను, సరే. నువ్వెందుకు తుడిసినావు? పండగనాడు ఎట్టిన బొట్టు ఎవడైనా తుడుత్తాడేటి? అందుకే ఇలగైంది!"

నిజంగానే కోపం వచ్చి, కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. తిలా పాపం తలా పిడికెడు అనుకున్నాను నేను. అతని లెక్కలో మాత్రం పిడికెడు కాదు, పాపం అంతా నాదే. ఇప్పుడు ఆలోచిస్తే అతనే రైటు.

మధ్యాహ్నం క్యాంటీన్ గంట కొట్టాక, కుడివైపు కింది మూల కొంచెం లేచింది. వేలు పెట్టబోయాను, గురువుగారు గొంతు సవరించుకున్నారు, తీసేశాను. తరవాత పై మూల. తరవాత బండి చక్రాలు ఒక్కొక్కటీ. ఎడమవైపు మాత్రం కదలలేదు. సరిగ్గా ఆ రెండోవాడి మొహం దగ్గరే గట్టిగా పట్టుకుంది. బావ అలక మరిచిపోయి కుర్చీ ఇటు తిప్పాడు. మేడం తన పని వదిలేసి వచ్చి నిలబడ్డారు. నాకు చేతులు నీళ్లలో మొద్దుబారిపోయాయి, అయినా తియ్యబుద్ధి కాలేదు. ఎంతసేపో చెప్పలేను. ఒకసారి ఐసు సంచి జారి నీళ్లు చిన్నగా ఊగాయి, ఆ ఊపుకి కాగితం దానంతట అదే విడిపోయి నీళ్లమీద తేలింది.

మొదటివాడి మోచెయ్యి ముక్క అద్దానికే ఉండిపోయింది. కానీ బూజు అద్దంతో పోయింది, మొహాలు ఎనిమిదీ ఉన్నాయి. రెండోవాడి జుట్టు నుదుటిమీద పడి ఉంది. నాకు ఏడుపొచ్చింది. గురువుగారు ఇస్త్రీ చొక్కా చెయ్యి పళ్లెంలో తడుస్తున్నా వంగి నా భుజం తట్టారు.

బొట్టు కూడా ఉంది. బండి నెత్తిన, వెలిసిపోయి, రేగిపండు రంగులో.

ఫొటో ఆరడానికి రోజులు పడుతుంది, అంచేత నీళ్లలో ఉండగానే కెమెరాతో తీశాను. మేడం కంప్యూటరులో మోచెయ్యి అతికించారు. "ఈ ఎర్ర మచ్చ కూడా తీసేయమంటారా సార్?" అని అడిగారు. తీసేయండమ్మా అన్నాను. అడగగానే అన్నాను. ఆవిడ ఒక్క నొక్కు నొక్కారు, బొట్టు మాయమైంది. నేను రుమాలు తడుపుకుని చెయ్యలేకపోయిన పని అది. వెంటనే ఆ ఫొటో, పేర్ల కాపీ రష్యా వెళ్లిపోయాయి.

మర్నాడు పొద్దున్న వీడియో కాల్ వచ్చింది. తెరమీద ఆయన. జుట్టు ఇప్పుడు తెల్లగా పలచబడింది గానీ, దాన్ని ఎగదోసుకునే చెయ్యి మాత్రం అదే. కూతురు పెద్ద కాగితం మీద అచ్చువేయించిన ఫొటో ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన దాన్ని ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని, వేలితో ఒక్కొక్క మొహాన్నీ తాకుతూ పేర్లు చదివాడు. ఎనిమిదీ చదివాడు. తరవాత వేలు బండి మీదికి వెళ్లి అక్కడ ఆగింది. అటూ ఇటూ తడిమాడు. రష్యన్లో ఏదో అడిగాడు. కూతురు ఇంగ్లీషులో చెప్పింది, మేడం నావైపు తిరిగారు.

"సార్... ఎర్ర బొట్టు ఏదీ అని అడుగుతున్నారు."

"సూసీసినాడ్రా బాబూ!" అన్నాడు నా వెనకనుంచి బావ.

నేను పక్కగదిలోకి పరిగెత్తి, నీళ్లు పీల్చే బ్లాటింగ్ కాగితం మీద ఉన్న తడి ఫొటోని పళ్లెంలో పెట్టినట్టు రెండు చేతులా తెచ్చి కెమెరా ముందు పట్టుకున్నాను. ఆయన తెరకి దగ్గరగా వంగాడు. చూశాడు. అప్పుడు నవ్వాడు, పళ్లు లేని నవ్వు. నవ్వుతూ తన నుదుటి మధ్యలో వేలు పెట్టుకుని చూపించాడు.

ఆ రోజు ఆయన హాలు గుమ్మంలోనే ఉన్నాడట. బావ బొట్టు పెట్టడం చూశాడు. నేను రుమాలుతో తుడవడమూ చూశాడు. పలకరిస్తే ఈ కుర్రాడు ఇంకా బెదిరిపోతాడని పక్కకి తప్పుకున్నాడు. ఆ బండి చంద్రుడి మీదికి వెళ్లలేదు కదా, దానికి పతకాలు లేవు, ఉపన్యాసాలు లేవు, విరిగిపోయాక తుక్కులో వేశారు. దానికి దండం పెట్టింది మొత్తం లోకంలో మీ ఒక్క హాల్లోనే అని ఇంటికి వెళ్లాక ఇన్నేళ్లుగా అందరికీ చెబుతున్నాడట. వాళ్లెవరూ నమ్మలేదట. ఇప్పుడు సాక్ష్యం చూపించుకోవాలి, ఆ మచ్చ ఉన్న ఫొటోనే పంపండి అన్నాడు. చివర్లో కూతురి సాయం లేకుండా, నావైపు చూసి, "బాగుంది" అన్నాడు.

ఇన్నేళ్లూ నేను ఎవరినుంచి దాచానో ఆ మనిషి మొదటిరోజు నుంచీ దాన్ని చూసుకుని మురిసిపోతున్నాడన్నమాట. ఇది విని నవ్వాలో, ఏడవాలో తెలియక రెండూ కొంచెం కొంచెం చేశాను.

ఆ మర్నాడే ఆయుధ పూజ. అల్పపీడనం పట్టి రెండు రోజులుగా ముసురు. ఫాను వేస్తే కాగితం అప్పడంలా చుట్టుకుపోతుందని గురువుగారు వెయ్యనివ్వలేదు. కొత్త ఫ్రేము, కొత్త అద్దం, ఈసారి బుద్ధిగా కోసిన అట్ట చట్రం బల్లమీద సిద్ధంగా ఉన్నాయి. పదకొండు ఫొటోలు గోడకి ఎక్కాయి. పెద్ద ఆఫీసర్ల కార్లు గేటు దాటాయని ఫోను వచ్చింది.

"సార్, పైకి ఆరినట్టే ఉంది కదా. పెట్టేద్దామా? మొత్తం కథంతా దీనిదే, ఇది లేకపోతే ఎలా?" అన్నారు మేడం. పాపం, ఆవిడ తొందర ఆవిడది.

గుమ్మంలో గురువుగారు. చేతికర్ర మీద ఆనుకుని నిలబడ్డారు.

"ఆరిందా?"

వేలి వెనకవైపు ఫొటో మూలకి ఆనించాను. చల్లగా తగిలింది.

"ఆరలేదండి" అన్నాను.

"అయితే ఉండనీ" అని ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ఆఫీసర్లు వచ్చారు. కొబ్బరికాయలు కొట్టారు. బావ గంధం గిన్నె పట్టుకుని టార్చీలకీ, మాస్కులకీ పెట్టి, గోడమీద పదకొండు ఫొటోలకీ అద్దాల పైన జాగ్రత్తగా బొట్లు పెట్టుకుంటూ వచ్చాడు. పన్నెండో చోటికి వచ్చి ఆగాడు. అక్కడ ఖాళీ గోడ, దానికి ఒక మేకు. నావైపు ఒకసారి తిరిగి చూశాడు. తరవాత మునివేళ్లమీద లేచి, ఆ మేకు తలకాయకి గంధం రాసి, కుంకుమ పెట్టాడు.

ఈసారి నేను తుడవలేదు.